గుమ్మాల మేడం రిజిస్టరులోని ఎర్ర వాక్యం

1994 జులై 11, సోమవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మన ఆసుపత్రి ఎక్స్-రే ఫిల్ముల గదిలో సహాయకురాలిగా హాజరు పట్టీలో తొలి సంతకం చేసి, ముప్పై ఒక్క సంవత్సరాల ఇరవై రోజుల అవిచ్ఛిన్న సేవానంతరం, రోగుల చిత్ర భాండాగార విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన గౌరవనీయ సహోద్యోగినిని, ఆసుపత్రి యావత్తూ 'గుమ్మాల మేడం' అని పిలుచుకునే ఆ విదుషీమణిని, ఈ సంచికా ముఖంగా అభినందించే భాగ్యం నాకు దక్కింది.

"రెండు పేజీలు చాలు. నాలుగు మంచి మాటలు రాయండి, పాత గొడవలు తవ్వకండి" అని సంచిక కమిటీ వారు ముందే హెచ్చరించారు. మంచి మాటలు రాస్తాను. నాలుగు కాదు, నలభై రాస్తాను. పాత గొడవా రాస్తాను. ఎందుకంటే ఆమె నిష్కళంక సేవాచరిత్రకు సాక్ష్యంగా నిలవవలసిన సర్వీసు రిజిస్టరులో, యాభై ఏడో పుటలో, ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది: 'విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం.' ఆ నిర్లక్ష్యం ఆమెది కాదు. ఎవరిదో నాకు తెలుసు. ఆమె ఈ భవనం మెట్లు దిగేలోగా ఆ వాక్యం అక్కడి నుంచి కదలాలి. ఇష్టమైనవారు చదవండి, కష్టమైనవారు పుట తిప్పేయండి.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు ఆమెకు నేలమాళిగలో గడిచాయి. ఇనుప అరలు, గోధుమరంగు కవర్లు, చక్రాలు కీచుమనే నిచ్చెన, ఒకటే ట్యూబులైటు. కవరు తప్పు అరలో పడితే అది పోయినట్లేనని అప్పటి సిబ్బంది చేతులు దులుపుకునేవారు. ఆమె మాత్రం పోయిందంటే ఒప్పుకునేవారు కారు. ఒకసారి ఎముకల డాక్టరు ఒక ఫిల్ము కోసం పట్టుబడితే, అప్పటి సీనియర్ గుమాస్తా కుర్చీలోంచి కదలకుండానే "అది మూడో అరలోనే ఉంటుందమ్మా" అన్నారట. ఈమె ఆయన ఎదుట నిలబడి, గొంతు పెంచకుండా అడిగారట: "చూశారా, అనుకున్నారా?" ఫిల్ము ఏడో అర వెనుక, గోడకూ ఇనుపపట్టీకీ మధ్య దొరికింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఈ ఆసుపత్రిలో ఆ రెండు ముక్కల ప్రశ్న ఎదుర్కోని ఉద్యోగి లేరు, పెద్ద డాక్టర్లతో సహా.

తదనంతర కాలంలో ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆ వయసులో కొత్త విద్య మనకెందుకని తోటివారు పెదవి విరిచినా, ఆమె సాయంకాలపు తరగతులకు వెళ్ళి, పాఠాలు తెచ్చుకుని, మధ్యాహ్నభోజన విరామంలో అన్నం పక్కకు నెట్టి చదువుకుని, పరీక్షలు గట్టెక్కి, భాండాగారానికి నిర్వాహకురాలయ్యారు. ఇక్కడ వారి వృత్తి గురించి కుటుంబసభ్యుల కోసం ఒక్క ముక్క చెప్పక తప్పదు. మన చిత్రాలన్నీ ఒకే యంత్రంలో లేవు. ఐదు భవనాల్లోని ఎనిమిది యంత్రాల్లో పంచిపెట్టి ఉన్నాయి. కాని డాక్టరు తెర తెరిస్తే కనిపించేది ఒకే పెద్ద బీరువా. అందులో ఒక ఫోల్డరు నొక్కితే గుండె విభాగం, ఇంకొకటి నొక్కితే ఎముకల విభాగం. ఆ ఫోల్డర్లలో కొన్ని నిజానికి ఫోల్డర్లు కావు. అవి మరో యంత్రంలో ఉన్న ఒక నిల్వలోకి, అంటే వాల్యూమ్ లోకి, తీసుకుపోయే దారులు. పుస్తకాల్లో వాటిని మౌంట్ పాయింట్లు అంటారు. ఆమె గుమ్మాలు అన్నారు. వాల్యూమ్ గది, మౌంట్ పాయింట్ గుమ్మం. డాక్టర్లకూ నర్సులకూ చిటికెలో అర్థమైపోయింది. ఆమెకూ పేరు స్థిరపడిపోయింది.

"గుమ్మం చూసి గదిని నమ్మొద్దు" అనేవారు శిక్షణ తరగతుల్లో. గుమ్మం ఉండి గది లేకపోవచ్చు. తీరా అడుగుపెడితే తెర మీద 'దొరకలేదు' అనే సందేశం తప్ప ఏమీ ఉండదు. గది ఉండి గుమ్మం లేకపోవచ్చు. అందులోని చిత్రాలు భద్రంగానే ఉంటాయి కాని ఏ డాక్టరుకూ కనపడవు. ఒకే గదికి రెండు గుమ్మాలు ఉండొచ్చు. బయటి నుంచి చూస్తే ఈ మూడింటికీ తేడా తెలియదు. తెలుసుకోవాలంటే ప్రతి గుమ్మాన్నీ విడివిడిగా ఆరా తీసి, ఇది ఏ గదికి వేసి ఉందని యంత్రాన్నే అడగాలి. అందుకని ప్రతి నెలా మొదటి సోమవారం ఆమె తనిఖీ. ఆరువందల పైచిలుకు గుమ్మాల జాబితా కాగితం మీద అచ్చు తీసి, చెవి వెనుక పెన్సిలుతో కూర్చుని, ఒక్కొక్కటే అడిగి, తెర మీద వచ్చిన గది పేరును తన చేత్తో రాసి, పక్కన చిన్న గీత పెట్టేవారు. యంత్రమే సరిచూసే ఏర్పాటు చేద్దామని నేను అడిగితే, "చెయ్యి నాయనా, తప్పకుండా చెయ్యి. అది చూసిందో అనుకుందో మాత్రం నేను చూసుకుంటా" అన్నారు. ఏర్పాటు చేశాను. ఆమె పెన్సిలు మానలేదు.

ఇంట్లోనూ అదే వరస అని వారి శ్రీవారు, రిటైర్డు బస్సు డ్రైవరు గారు, నాతో మొరపెట్టుకున్నారు. "పంచదార అయిపోయింది అన్నాననుకోండి, వంటింట్లోంచి వస్తుంది ప్రశ్న. 'ఏమండీ, చూశారా, అనుకున్నారా?' ముప్పై ఐదేళ్ళు బస్సు తోలాను, ఏ ఇన్‌స్పెక్టరుకీ ఇంత భయపడలేదండీ బాబూ." ఆయన ఈ మాట అన్నప్పుడు పక్కన మేడం వేరుశెనగలు ఒలుస్తూ, నవ్వు ఆపుకుంటూ, "డబ్బా వెనకాల ఇంకో డబ్బా ఉందని ఆ రోజు చెప్పానా లేదా?" అన్నారు.

ఇప్పుడు యాభై ఏడో పుట.

2014 మే 20, మంగళవారం. భాండాగార విభాగంలో ఒక సహాయ నిర్వాహకుడు ప్రొబేషన్ మీద చేరి మూడో నెల. యంత్రాల్లో చోటు తగ్గిపోతోందని అధికారులు సతాయిస్తుంటే, ఆ మహానుభావుడు రెండు ఫోల్డర్లు చూశాడు. ఒకటి గుండె విభాగం కింద, ఒకటి శస్త్రచికిత్స విభాగం కింద. రెండింట్లోనూ అవే నాలుగు వేల చిల్లర గుండె పరీక్ష చిత్రాలు, అవే పేర్లు, అవే తేదీలు. ఎవరో బుద్ధిలేనివాళ్ళు ఒకే సరుకును రెండుచోట్ల దాచారని నిర్ణయించుకుని, చోటు మిగులుస్తున్నాననే సంబరంతో, శస్త్రచికిత్స వైపు ఉన్నవన్నీ తుడిచేశాడు. అవి రెండు గదులు కావు. రెండు విభాగాల సౌకర్యం కోసం ఒకే గదికి వేసిన రెండు గుమ్మాలు. ఒక గుమ్మంలోంచి వెళ్ళి గది ఖాళీ చేస్తే, రెండో గుమ్మంలోంచి చూసేవాడికి మాత్రం ఏం మిగులుతుంది? ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు గుండె విభాగం నుంచి ఫోను మోగింది. ఒక్క ఆజ్ఞతో రెండు గుమ్మాలనూ ఆరా తీసి ఉంటే ఒకే గది పేరు రెండుసార్లు వచ్చేది. ఆ సహాయ నిర్వాహకుడు ఆరా తీయలేదు. చూడలేదు, అనుకున్నాడు.

ఆ సహాయ నిర్వాహకుడిని నేనే.

మేడం నా కుర్చీ పక్కకు వచ్చి, తెర చూసి, ఒక్క తిట్టు తిట్టలేదు. "లే. మంచినీళ్ళు తాగి రా. కీబోర్డు ముట్టుకోకు" అన్నారు. ముందురోజు రాత్రి యంత్రం తనంత తాను తీసిపెట్టిన ప్రతికి ఒక కొత్త గుమ్మం వేసి, అందులోంచి చిత్రాలన్నిటినీ మధ్యాహ్నం రెండున్నరలోపు పాత గదిలోకి చేర్చారు. కాని ఆ ఉదయం తీసిన ఐదుగురి చిత్రాలు ఆ ప్రతిలో లేవు. అవి పోయాయి. ఆ ఐదుగురినీ మళ్ళీ పడుకోబెట్టి పరీక్ష చేయాలి.

వార్డుకు ఆమే వెళ్ళారు. నేను వెనుక దాక్కున్నట్లు నిలుచున్నాను. ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, "మా విభాగం పొరపాటు వల్ల మీ పరీక్ష పోయింది. మళ్ళీ చేయాలి. క్షమించండి" అని చెప్పారు. నలుగురు గొణిగారు. ఐదో ఆయన, మంగలి పని చేసే పెద్దమనిషి, తేరిపార చూసి, "రెండోసారి తీస్తే మంచి గుండె పడుతుందా అమ్మా? అట్లయితే ఎన్నిసార్లయినా తియ్యండి" అన్నారు. ఆమె నవ్వారు. వరండాలోకి వచ్చాక కళ్ళు తుడుచుకున్నారు.

విచారణలో 'ఎవరి చేత జరిగింది?' అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన లిఖితపూర్వక సమాధానం ఇది: 'నా విభాగంలో, నా పర్యవేక్షణలో జరిగింది. బాధ్యత నాది.' నా పేరు అందులో లేదు. ప్రొబేషన్ లో ఉన్నవాడి పేరు రాస్తే మర్నాడు వాడికి ఉద్యోగం ఉండదు. "మేడం, నేనే చెప్పేస్తాను" అన్నాను. "నోరు మూసుకుని పని నేర్చుకో" అన్నారు. నేను రెండూ చేశాను. మొదటిది మరీ బాగా చేశాను. పదకొండేళ్ళు నోరు మూసుకున్నాను.

అంతటితో ఊరుకుంటే ఇది ఒక గురువు ఔదార్యంగా మిగిలిపోయేది, నేనూ ఈ రోజు సన్మాన పత్రంలో శ్లాఘించి ఊరుకునేవాణ్ణి. గత నవంబరులో ఏం జరిగిందో కూడా వినండి. కొత్త వ్యవస్థకు మారుతున్నామనీ, ఏ గుమ్మమూ లేని గదులన్నీ అనాథ సరుకనీ, అలాంటివి రెండువందల పన్నెండు తేలాయనీ, శుక్రవారంలోగా అన్నిటినీ తుడిచేయడానికి విభాగాధిపతి సంతకం పెట్టాలనీ ఉత్తర్వు వచ్చింది. మేడం మూడు వారాల గడువు అడిగారు.

సమావేశంలో డైరెక్టరు గారు, "గుమ్మమే లేనప్పుడు లోపల ఎవరుంటారమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు.

"చూశారా సార్, అనుకున్నారా?" అన్నారు మేడం.

నవ్వు ఆగిపోయింది. డైరెక్టరు గారి ముఖం కందగడ్డ అయింది. పక్కనున్న రిజిస్టరు తీసి, గుర్తు పెట్టుకున్న పుట తెరిచి, అందరికీ వినపడేలా చదివారు. "తీవ్ర నిర్లక్ష్యం అని మీ రిజిస్టరులోనే ఉంది. మీరు మాకు జాగ్రత్త నేర్పుతారా?"

నేను ఆ బల్ల దగ్గరే, ఆమెకు మూడు కుర్చీల అవతల ఉన్నాను. నా ముందున్న మంచినీళ్ళ సీసా మూత బిగించాను, తీశాను, మళ్ళీ బిగించాను. ఆమె నా వైపు కనీసం చూడలేదు; చూస్తే నేను ఎక్కడ లేచి చెప్పేస్తానోనని చూడలేదని ఇప్పుడు అర్థమవుతోంది. లేచి నిలబడి అన్నారు: "ఉంది సార్. అది చదివారు కదా, దాని కింద ఇది కూడా రాయించండి. రెండోసారి నిర్లక్ష్యం చేయమంటే ఒప్పుకోలేదని. సంతకం నేను పెట్టను."

పెట్టలేదు. డైరెక్టరు గారు మెమో ఇచ్చారు, మేడం దాన్ని బల్ల సొరుగులో పడేశారు. పంతొమ్మిది పనిదినాలు, ఒక్కొక్క గదికీ తాత్కాలికంగా ఒక గుమ్మం వేసి, లోపల చూసి, ఉన్నది రాసి, గుమ్మం తీసి, పక్కన పెన్సిలు గీత పెట్టారు. రెండువందల మూడు గదుల్లో నిజంగానే పనికిరాని సరుకు. మిగిలిన తొమ్మిదింట్లో క్యాన్సరు విభాగపు పాత చిత్రాలు, పద్దెనిమిది వందల అరవైనాలుగు మందివి. పాత వార్డు పేరు మార్చినప్పుడు ఎవరో గుమ్మాలు తీసి, కొత్తచోట వేయడం మరిచారు. శుక్రవారమే సంతకం పడి ఉంటే అన్నీ బూడిదైపోయేవి.

ఆ పద్దెనిమిది వందల అరవైనాలుగు మందిలో ఒకావిడ బట్టలు కుట్టుకునే మనిషి. ఊపిరితిత్తిలో మచ్చ కనపడిందని, ఛాతీ కోయాలేమోనని డిసెంబరులో డాక్టర్లు తర్జనభర్జన పడుతుంటే, మేడం తిరిగి వేసిన గుమ్మంలోంచి ఆవిడ తొమ్మిదేళ్ళ నాటి చిత్రం దొరికింది. అప్పుడూ అదే మచ్చ, అదే పరిమాణం. కత్తి అక్కర్లేదన్నారు. ఆవిడ మేడం కోసం వెతుక్కుంటూ మన విభాగానికి వచ్చి, "ఏ పెట్టెలోంచో తీశారట కదమ్మా" అని చేతులు పట్టుకుంటే, ఆ సంభాషణ అంతా నేను విన్నాను. వార్షిక నివేదికలో డైరెక్టరు గారు దీన్ని 'యాజమాన్యపు దూరదృష్టి' అని రాశారు. రాసుకోనివ్వండి. ఎర్ర వాక్యం మాత్రం అక్కడే ఉంది.

ఈ సంచికకు ఫొటో కావాలని ఈ నెల మొదటి తేదీన వారింటికి వెళ్ళాను. డ్రైవరు గారు పింఛను దరఖాస్తుకు జతపరచిన రిజిస్టరు నకలు చేతపట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. మేడం ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. "ఇదేంటండీ ఇది?" అన్నారు. "నిర్లక్ష్యమా? ఈవిడకా? గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివర్నుంచి మూడుసార్లు వెనక్కి వచ్చే మనిషికి? అడిగితే పాత సంగతి, వదిలేయండి అంటుంది. మీరు అక్కడే ఉన్నారు కదా, మీకేమైనా తెలుసా?"

"తెలియదండీ" అన్నాను. వారిచ్చిన టీ తాగాను. ఫొటో తీసుకుని వచ్చేశాను. బస్సు ఎక్కి, రెండు స్టాపుల తరువాత దిగిపోయి, రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు మేడంకు చెప్పాను, రాసిస్తానని. కస్సుమన్నారు. "నీకేమైనా పిచ్చా? నాకు పట్టుమని ముప్పై రోజులు కూడా మిగల్లేదు. నీకింకా పద్నాలుగేళ్ళ సర్వీసుంది. ఆ గీత నన్ను ఏం చేస్తుంది ఇప్పుడు?"

"మీవారు అడిగారు మేడం."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నీ ఇష్టం వచ్చినట్టు ఏడువు" అన్నారు. అది అనుమతి కాదు. నాకు అనుమతి అక్కర్లేదు.

కనుక సహోద్యోగులకూ, యాజమాన్యానికీ, ఆమె కుటుంబసభ్యులకూ సవినయంగానూ, ఏమాత్రం భయం లేకుండానూ తెలియజేయునది: ఈ నెల పద్నాలుగో తేదీ ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, 2014 మే 20 నాటి పొరపాటు నా చేతులతో నేను చేసినదేననీ, ఆ వాక్యాన్ని ఆమె రిజిస్టరు యాభై ఏడో పుట నుంచి తొలగించి నా రిజిస్టరులో నమోదు చేయవలసిందనీ, గత నవంబరు మెమోను ఉపసంహరించుకోవలసిందనీ డైరెక్టరు గారి కార్యాలయంలో లిఖితపూర్వకంగా సమర్పించి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. జవాబు ఇంకా రాలేదు. ముప్పై ఒకటో తేదీ వరకూ రోజూ వెళ్ళి అడుగుతాను. ముప్పై రెండో రోజున కూడా అడుగుతాను. నా మీద ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం లేదు, ఆ ఎర్ర సిరా సరైన పేరు కింద ఉంటే చాలు.

ఈ సంచిక అచ్చు ప్రతి సిద్ధం చేసే పని నాది కావడం కమిటీ వారి దురదృష్టం. అయినా దొంగచాటుగా పంపలేదు. కమిటీ అధ్యక్షులైన సూపరింటెండెంటు గారి బల్ల మీద ఈ పుటలు పెట్టాను. ఆయన మొత్తం చదివి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "కళ్ళజోడు లేకుండా చదివానయ్యా, నాకేమీ కనపడలేదు. పంపెయ్" అన్నారు. వారికి నా నమస్కారాలు.

డ్రైవరు గారూ, ఆ రోజు మీ వరండాలో అబద్ధం చెప్పాను. మీరడిగిన ప్రశ్నకు జవాబు ఇది. మీ శ్రీమతి ఏనాడూ నిర్లక్ష్యం చేయలేదు. నా కొలువు నిలవడం కోసం తమ పేరు మీద మచ్చ వేయించుకుని, ఆ మచ్చనే ఎత్తిచూపి నోరు మూయించబోతే మూయకుండా, తమకు ముఖపరిచయమైనా లేని పద్దెనిమిది వందల అరవైనాలుగు మందిని కాపాడుకున్నారు. ఈ పుటలను మీ దగ్గరున్న రిజిస్టరు నకలుకు జతచేసి దాచుకోండి.

మేడం, తనిఖీ జాబితాలు ఇకపై నేను అచ్చు తీస్తాను. మీ పెన్సిలు నాకు ఇచ్చి వెళ్ళండి. మీ మోకాళ్ళు మీ మాట వినాలి, మీ చూపు ఇంతే చురుగ్గా ఉండాలి, మీవారు డబ్బా వెనుక డబ్బాలు ఇంకా ముప్పై ఏళ్ళు వెతుక్కోవాలి, మీరు ఆరోగ్యంగా, నిశ్చింతగా, ఎవరికీ తలవంచకుండా నిండు నూరేళ్ళు బతకాలి. ఈ వ్యాసాన్ని కూడా మీరు తప్పులు వెతుకుతూనే చదువుతారని తెలుసు. యాభై ఏడో పుట ఎవరిదని ఎవరైనా అడిగితే ఇక నన్ను చూపించండి. ఈ ఒక్కటి నేను అనుకోలేదు మేడం, చూశాను.